గాలి పడవ కొనేముందు

నర్సంపేట

బిడ్డా,

నువ్వు పంపిన మూడు డింగీల, అదే గాలి నింపే చిన్న పడవల, ఫొటోలు రెండు రోజుల నుంచి చూస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నీకు డ్యూటీ, నాకు షాపు, సగం మాటలు మిగిలిపోతాయి. అందుకే రాస్తున్నాను. ఆక్లాండ్ సముద్రం నేను చూడలేదు గానీ, గాలి నింపే రబ్బరుతో ముప్పై ఏళ్లుగా బతుకుతున్నవాణ్ని. అంతవరకు నా మాట విను.

మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, అద్దె భరించలేక మీ తెరచాప పడవను ఒడ్డుకు దూరంగా నీళ్ల మీద తేలే బోయాకు కట్టి ఉంచుతామన్నావు కదా. అంటే ఆ పడవ దాకా పోవడానికి ప్రతిసారీ డింగీని కారు డిక్కీలోంచి దించాలి, గాలి కొట్టాలి, నీళ్ల దాకా మోయాలి. తిరిగొచ్చాక మళ్లీ అదంతా. అల్యూమినియం అడుగున్నది నలభై కిలోల పైనే ఉంది. అంటే ఒక యూరియా బస్తా. రోజంతా ఎండలో తిరిగొచ్చి, బురద ఒడ్డున దాన్ని ఎత్తాలంటే నీ నడుము ఏమవుతుంది? రెండోది, పలకల అడుగున్న 2.3 మీటర్లది, ఇరవై కిలోల పైచిలుకు. బియ్యం బస్తా కన్నా తక్కువే. మీ ఇద్దరికీ అది చాలు.

అన్నిటికన్నా చవకైన మూడోది మాత్రం వద్దు. అది చూస్తేనే నాకు టెన్షన్. అది స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలు ఆడుకునే రకం, లోపల బట్ట లేని వట్టి ప్లాస్టిక్. అసలు డింగీలో పాలిస్టర్ నేత ఉంటుంది, దానికి రెండు వైపులా పీవీసీ పూత వేస్తారు. చిరుగు పాకకుండా ఆపేది ఆ నేతే. అక్కడి రాళ్లకు ఆల్చిప్పలు బ్లేడుల్లా అంటుకుని ఉంటాయని నువ్వే చెప్పావు.

ఇంకో సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు లారీ ట్యూబు మీద కూర్చుని చెరువులో వలలు ఎత్తడానికి వెళ్లేవాణ్ని. ఒకరోజు తెల్లవారుజామున, చెరువు నడుమ, వాల్వు మొదట్లో అతుకు ఊడింది. ట్యూబుకు ఉన్నది ఒకటే గది. చూస్తుండగానే నా కింద మెత్తబడిపోయింది. పక్కన థర్మోకోల్ తెప్ప మీద మీ కాక ఉన్నాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందుకే అడుగుతున్నాను, ఆ డింగీలో గాలి గదులు ఎన్ని? రెండో మూడో విడివిడిగా ఉండాలి. కొనేముందు ఒక గదిలో గాలి మొత్తం తీసేసి, మిగతావి గట్టిగా నిలబడ్డాయో లేదో చూడు. లోపలి గోడ కారుతుంటే తెలిసిపోతుంది.

పీవీసీనా, హైపలాన్‌నా అని అడిగావు. హైపలాన్ అంటే ఒక రకం కృత్రిమ రబ్బరు, ఎండకూ పెట్రోలుకూ బాగా తట్టుకుంటుంది, కానీ ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ. నెలకు రెండుసార్లు వాడే మీకు పీవీసీ చాలు. ఎండలో వదిలేస్తే మాత్రం పీవీసీ జిగటగా మారి, అతుకులు వదులుతుంది. మీ దగ్గర ఎండ చర్మాన్ని కాలుస్తుందంటావు, ఆ ఎండ దానికీ అంతే. మిగిల్చిన డబ్బులో కొంత పెట్టి మంచి కవరు కొను. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే మడతపెట్టండి.

గాలి విషయంలో అల్లుడికి గట్టిగా చెప్పు. మన బైకు టైరుకు ముప్పై పీఎస్ఐ దాకా కొడతాం. ఈ డింగీ ట్యూబులకు మూడున్నర చుట్టుపక్కలే, దాని మీద అంటించిన ప్లేటులో ఎంత రాసి ఉంటే అంతే. పెట్రోలు బంకు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, కాలితో తొక్కే పంపే మేలు. పొద్దున నిండుగా కొట్టి మధ్యాహ్నం ఇసుక మీద వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. అప్పుడు కొంచెం వదలాలి. మళ్లీ చల్లటి నీళ్లలో దించగానే మెత్తబడుతుంది. అది లీకు కాదు, కంగారుపడొద్దు.

పంక్చరు అతకడం నా దగ్గర చూసి నేర్చుకున్నావు, కానీ మన ట్యూబు సొల్యూషన్ పీవీసీకి పట్టదు. పీవీసీ జిగురు వేరు, హైపలాన్ జిగురు వేరు. డింగీతోపాటు ఏ కిట్టు ఇస్తారో అడుగు. అతికే పద్ధతి మాత్రం ఒకటే: ఉప్పుకాగితంతో రుద్ది, తడి లేకుండా తుడిచి, తొందరపడకుండా అతకాలి.

మోటారు ఇప్పుడే వద్దు. 2.5 హార్స్‌పవర్‌ది కూడా పదిహేను కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, దాని పెట్రోలు అదనం. మొదట తెడ్లతో అలవాటు పడండి. ఈ గాలి పడవ నీళ్ల మీద తేలికగా ఉంటుంది కాబట్టి ఎదురుగాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు బయల్దేరనే వద్దు. పెద్ద పడవలో ఉన్నప్పుడు నాకు భయం లేదు బిడ్డా, ఒడ్డు నుంచి దాని దాకా పోయే ఆ కాస్త దూరమే నా భయం. అందరూ ‘ఇంత దూరానికేం’ అని లైఫ్ జాకెట్ విప్పేది అక్కడే. మీ అమ్మ కూడా ఇదే రాయమంది.

వాడినది దొరికితే అదీ చూడండి. గాలి కొట్టి, సబ్బు నురుగు వాల్వుల చుట్టూ, అతుకుల మీద రాసి బుడగలు వస్తాయేమో చూడు. తర్వాత ఆ గాలితోనే ఒక రాత్రంతా ఇంట్లో ఉంచు. తెల్లారి చేత్తో నొక్కి, ఎంత తగ్గిందో నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా డబ్బులు మొత్తం ఇవ్వకండి.

మీ బాపు