కొండ మెట్ల మీదికి పుస్తకం ఎప్పుడు ఎక్కుతుంది?

సంపాదకుల వారికి నమస్కారములు.

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఏటా మాదిరిగానే శాఖా గ్రంథాలయాల్లో పుస్తక ప్రదర్శనలు, పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు ఉంటాయి. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా విద్యార్థులను నేనే వెంటబెట్టుకుని వాటికి తీసుకువెళ్లాను. అయితే గ్రంథాలయానికి నడిచి రాగలిగినవారి కోసం జరిగే ఆ కార్యక్రమాలతో పాటు, రాలేనివారి గడప దగ్గరికి పుస్తకం వెళ్లే ఏర్పాటు మీద కూడా ఈసారి ఒక నిర్ణయం జరగాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

విజయవాడలో మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం, చిట్టినగర్ వైపు కొండవాలుల్లో మెట్లదారి తప్ప మరో దారి లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బియ్యం బస్తా అయినా, గ్యాస్ బండ అయినా భుజాన పెట్టుకుని ఎక్కవలసిందే. పదవీ విరమణ చేసిన తరువాత, రెండేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం నేను ఒక గుడ్డసంచిలో పాతిక, ముప్పై పుస్తకాలు సర్దుకుని అలాంటి ఒక కొండ మీది రామమందిరం అరుగుకు వెళ్తున్నాను. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నదీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. పిల్లలు వస్తారనుకుని బొమ్మల కథల పుస్తకాలే ఎక్కువగా తీసుకువెళ్లాను కానీ, రెండు నెలలు తిరగకముందే వాళ్ల తల్లులు రావడం మొదలుపెట్టారు.

జాకెట్లు కుట్టుకుని జీవించే ఒకావిడ రెండు భాగాల నవలలో మొదటి భాగం తీసుకువెళ్లి, మరుసటి ఆదివారం పాత క్యాలెండరు కాగితంతో దానికి అట్ట వేసి మరీ తిరిగి ఇచ్చారు. చదువుతున్న చోట గుర్తుకని పెట్టుకున్న రవిక గుడ్డ ముక్క పేజీల మధ్యే ఉండిపోయింది. “మాస్టారూ, రెండో భాగం తెచ్చారాండీ?” అని అడిగారు. నా దగ్గర లేదు. గ్రంథాలయంలో దొరుకుతుందని కొండ దిగువన ఉన్న శాఖకు ఆవిడను తీసుకువెళ్తే, సభ్యత్వానికి డిపాజిట్ కట్టాలని, హామీ సంతకం కావాలని చెప్పారు. ఆవిడ కుట్టుపని ముగించుకుని కిందికి దిగే వేళకు ఆ శాఖకు తాళం పడుతుంది. అక్కడి ఉద్యోగిని నేను తప్పుపట్టను, ఉన్నది ఆయన ఒక్కరే. కానీ చదవాలన్న కోరిక ఉన్న మనిషి, చదివించడం కోసమే పెట్టిన గ్రంథాలయం గుమ్మం దగ్గరి నుంచి వట్టి చేతులతో మెట్లెక్కి వెళ్లిపోవడం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది జరిగింది ఎక్కడో కాదు, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరిలో. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైన పెద్దలు ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేసి, పుస్తకాన్ని జనం దగ్గరికి నడిపించిన ప్రాంతం మనది. గుంటూరు జిల్లా పెదపాలెంలో సేవాశ్రమం నడిపిన పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవల్లో గ్రంథాలయం పెట్టారు. ఆ రోజుల్లో కాలువ మీద ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడమే. జనానికి తీరిక ఎక్కడ చిక్కుతుందో ఆయన కనిపెట్టారు, పుస్తకాన్ని తీసుకువెళ్లి సరిగ్గా అక్కడే పెట్టారు. భవనం కట్టి పాఠకుల కోసం ఎదురుచూడలేదు. పడవ ప్రయాణాలు పోయాయి కానీ అలాంటి తీరిక మాత్రం పోలేదు: బస్టాండులో బస్సు కోసం, ప్రభుత్వాసుపత్రి వరండాల్లో రోగి పక్కన రోజుల తరబడి కూర్చునేవారిని విజయవాడలోనూ గుంటూరులోనూ ఎవరైనా చూడవచ్చు. కొండ మీద ఆ తీరిక రాత్రి ఎనిమిది తరువాతో, ఆదివారం పూటో చిక్కుతుంది.

ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. కొండ మీద ఇంటి పన్ను కట్టే కుటుంబం కూడా ఈ పైసలు కడుతూనే ఉంది. పుస్తకాల పెట్టెను ఒక చోట ఉంచి, స్థానికులే ఒకరు ఇచ్చిపుచ్చుకునేందుకు వీలు కల్పించే పుస్తక నిక్షిప్త కేంద్రాల పద్ధతి కూడా గ్రంథాలయ సంస్థలకు కొత్తది కాదు. పల్లెలకు పనికివచ్చిన ఆ పద్ధతి మెట్లదారి పేటలకు ఎందుకు పనికిరాదు? కావలసింది వంద పుస్తకాలు పట్టే ఒక పెట్టె, నెలకొకసారి శాఖ నుంచి పుస్తకాలు మార్చే ఏర్పాటు, పేటలోనే చదువుకున్న ఒక యువతికో యువకుడికో నెలకు కొంత గౌరవ వేతనం. కూలిపని చేసుకునేవారి దగ్గర డిపాజిట్ అడగకూడదు. పుస్తకాలు పోతాయన్న భయం సహజమే కానీ, ఈ రెండేళ్లలో నా నోటుపుస్తకం ప్రకారం తిరిగి రానివి నాలుగు మాత్రమే. అందులో రెండు వానకు తడిసినవి. ఆ సంగతి వాళ్లే వచ్చి చెప్పారు.

ఫోనులో అన్నీ దొరుకుతున్నప్పుడు పెట్టెలెందుకని కొందరు మిత్రులు అంటున్నారు. ఆ ఇళ్లలో చాలావాటిలో ఉన్నది ఒక్కటే ఫోను, అది తండ్రితో పాటు పనికి వెళ్లిపోతుంది.

జిల్లా గ్రంథాలయ సంస్థ, నగరపాలక సంస్థ అధికారులు కూర్చుని మాట్లాడుకుని, ఈ వారోత్సవాలు ముగిసేలోగా కనీసం ఒక్క కొండ మీదనైనా ఇలాంటి కేంద్రం తెరవాలని మనవి చేస్తున్నాను. రామమందిరం పెద్దలు అరుగును ఆనుకుని ఉన్న గది ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నా దగ్గరున్న నూట నలభై పుస్తకాలను, నోటుపుస్తకంతో సహా, అదే రోజు అప్పగిస్తాను. సంస్థ పంపే మొదటి పెట్టెలో ఆ నవల రెండో భాగం కూడా ఉండేలా చూస్తే చాలా సంతోషిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయవాడ