జూనియర్ వకీలు హాస్టల్ ఖర్చు గురించి న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 22 ఏళ్లుగా తిరుపతి కోర్టుల్లో వకీలుగా పనిచేస్తున్నాను. పోయిన నెల నా ఆఫీసులో జూనియర్‌గా ఉన్న అమ్మాయి ఫైళ్లన్నీ వాయిదా తేదీల వారీగా సర్ది, బీరువా తాళం నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. బెంగళూరులో ఒక కంపెనీలో అగ్రిమెంట్లు చూసే ఉద్యోగం దొరికింది. నెలకు 28 వేలు. వద్దమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వెళ్లే ముందు ఖర్చుల లెక్క అడిగితే నోట్‌బుక్ తీసి చూపించింది. బైరాగిపట్టెడలో ముగ్గురుండే గది, భోజనంతో కలిపి 6,500. షేర్ ఆటోలకు 1,300. ఫోన్‌కు 350. జిరాక్సులు, టీ, తెల్లబట్టల ఇస్త్రీ, నల్లకోటు ఉతుకు కలిపి 1,100. మొత్తం 9,250. చిత్తూరు వాయిదాలకు వెళ్లే బస్సు ఖర్చు స్త్రీశక్తి పథకం వచ్చాక తప్పింది, అందుకు ప్రభుత్వానికి కృతజ్ఞతలు. నేను ఇస్తున్నది 7,000. తక్కువ పడిన 2,250 పలమనేరు దగ్గర పల్లెలో పాలు పోసే వాళ్ల నాన్న పంపేవాడు. ఈ లెక్కలో జ్వరమొస్తే మందులు లేవు, పండక్కి బట్టలు లేవు, ఒక్క లా పుస్తకం లేదు. "బెంగళూరులో హాస్టల్‌కే 9 వేలవుతుంది సార్. అయినా అన్నీ పోను ఇంటికి 10 వేలు పంపగలను" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

తిరుపతిని చిన్న ఊరని అనుకోకండి సార్. యాత్రికులకు రోజు అద్దెకిస్తే ఎక్కువ వస్తుందని ఇళ్లవాళ్లు గదుల్ని అటే మళ్లిస్తున్నారు. మిగిలిన వాటి కోసం యూనివర్సిటీ పిల్లలు, కోచింగ్ పిల్లలు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు పోటీ పడుతున్నారు. "అడ్వకేటా? వద్దమ్మా" అనే ఓనర్లు కూడా ఉన్నారు, ఖాళీ చేయమంటే కేసు వేస్తారని భయం. మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు, మాకు ఫీజులు రావు. హాస్టల్ వాళ్లకు మాత్రం డబ్బు కట్టాల్సిందే.

జూనియర్లకు సీనియర్లు నగరాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని వకీళ్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే. చదివినప్పుడు సిగ్గుపడ్డాను. కానీ నిజం చెప్పాలి. నా దగ్గరకు వచ్చేవి భాగపంపకాల దావాలు, చెక్ బౌన్స్ కేసులు, యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులు. యాక్సిడెంట్ కేసులో డబ్బు వచ్చేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. నాలాంటి వకీలు ప్రతి నెలా 20 వేలు ఇవ్వలేడు. ఇవ్వగలిగిన వాళ్లు ప్రతి బార్ అసోసియేషన్‌లోనూ కొద్దిమందే.

ఇక్కడే నాకు ఎక్కువ బాధ. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. అనుభవం ఉన్న జడ్జి కావాలన్నది సరైన మాటే, నేను ఒప్పుకుంటాను. ఆ మూడేళ్లూ ఎవరు తిండి పెడతారు? వకీలుగా ఉంటూ జీతానికి పూర్తికాలం ఉద్యోగం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. తండ్రి వకీలో, ఆస్తిపరుడో అయితే పిల్లలు నిలబడతారు. పాలు పోసే ఇంటి పిల్ల ఏడాది ఎనిమిది నెలలకే వెళ్లిపోయింది. రేపు బెంచి మీద ఎవరు కూర్చోవాలన్నది ఈ రోజు హాస్టల్ ఫీజు దగ్గరే తేలిపోతోంది.

2019లో లా నేస్తం పేరుతో జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 ఇవ్వడం మొదలైంది. మంచి పని. తర్వాత ఆ డబ్బు నెలనెలా కాకుండా కొన్ని నెలలది ఒకేసారి వేసిన సందర్భాలు చూశాం. అద్దె అలా ఆగదు కదా. నా జూనియర్ నోట్‌బుక్‌లో జమ వైపు నేనిచ్చింది, వాళ్ల నాన్న పంపింది తప్ప మూడోది లేదు.

పథకానికి ఏ పేరైనా పెట్టండి. ఇచ్చే మొత్తాన్ని మాత్రం జూనియర్ పనిచేసే ఊరి హాస్టల్ ఖర్చు చూసి కట్టండి. తిరుపతి, చిత్తూరు రెండూ కార్పొరేషన్లే, ఇక్కడ 15 వేల కంటే తక్కువకు ఎవరూ నిలబడలేరు. అందులో 7 వేలు సీనియర్ తన జూనియర్ బ్యాంకు ఖాతాలో వేయాలి, 8 వేలు ప్రభుత్వం వేయాలి, ఒకటో తారీఖునే. నా వాటా వేసిన రుజువు చూపించమంటే ప్రతి నెలా చూపిస్తాను. జూనియర్ ఆఫీసు మారితే ప్రభుత్వ వాటా ఆపకండి. మాట పడలేక ఆఫీసు మారేవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, చాలామంది ఉన్నారు. కోర్టుకు దగ్గరలో ఆడపిల్లలకు ఒక ప్రభుత్వ హాస్టల్ కట్టించగలిగితే ఇంకా మేలు.

మొన్న వాయిదాకు వచ్చిన ఒక ముసలాయన "ఆ పాప రాలేదా సార్?" అని అడిగాడు. ఆయన దావాలో ప్రతి కాగితం ఆ అమ్మాయి రాసిందే. ఆమె ఎన్‌రోల్‌మెంట్ (వకీలుగా నమోదు) వదులుకోలేదు, సస్పెన్షన్‌లో పెట్టుకుంది, అంటే ప్రస్తుతానికి ఆపుకుంది. మళ్లీ కోటు వేసుకోవాలంటే బార్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ ఉంటే నెల గడుస్తుందని ఆమెకు చెప్పగలిగిన రోజు ఆ దరఖాస్తు నేనే రాసి పంపిస్తాను.

ఇట్లు,
తిరుపతి బార్‌లో ఒక న్యాయవాది