డ్రాఫ్ట్ తర్వాతి సంవత్సరాలను ఎవరు లెక్కిస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర అమెరికా వృత్తి ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో డ్రాఫ్ట్, అంటే జట్లు యువ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం, దగ్గరపడగానే, మొదట ఎవరి పేరు పిలుస్తారన్న చర్చతో క్రీడా పుటలు నిండిపోతాయి. ఎంపికైన కుర్రవాడిని ఆ తర్వాత నాలుగైదేళ్లు క్లబ్బు ఎలా తీర్చిదిద్దిందన్నది మాత్రం వార్త కావడం లేదు. 32 జట్లు ఏడు రౌండ్లలో ఎంచుకునేది ఎక్కువగా పద్దెనిమిదేళ్లవారినే. శరీరం ఇంకా గట్టిపడని ఆ వయసులో చేసే ఎంపిక ఎంత నిపుణులు చేసినా అంచనాయే.

ఎడ్మంటన్ ఆయిలర్స్ సంగతి చూడండి. 2010, 2011, 2012లలో వరుసగా మొదటి ఎంపిక ఆ జట్టుకే దక్కింది. టేలర్ హాల్, ర్యాన్ న్యూజెంట్-హాప్కిన్స్, నెయిల్ యాకుపోవ్ ముగ్గురూ డ్రాఫ్ట్ అయిన వెంటనే వచ్చిన సీజన్‌లోనే పెద్ద లీగ్‌లోకి దిగారు. అయినా ఆ జట్టు 2017 వరకు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. ప్రతిభ లేక కాదు. అదే హాల్ 2018లో న్యూజెర్సీ తరఫున ఆడుతూ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

ఇందుకు భిన్నంగా డెట్రాయిట్ జట్టు 1998లో పావెల్ దాత్సూక్‌ను 171వ స్థానంలో, మరుసటి ఏడాది హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ స్థానంలో తీసుకుంది. వారి గొప్పతనం ముందే తెలిసి ఉంటే అంత కిందిదాకా ఆగేది కాదు కదా! అందుకే ఎంపికకన్నా ఆ తర్వాతి ఓపికనే నేను మెచ్చుకుంటాను. దాత్సూక్ 2001 దాకా రష్యాలో, జెటర్‌బర్గ్ 2002 దాకా స్వీడన్‌లో పెద్దవారితో ఆడి రాటుదేలాకే డెట్రాయిట్‌కు వచ్చారు. 2008లో లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ గెలిపించారు. టాంపా బే 208వ స్థానంలో ఎంచుకున్న ఒండ్రెజ్ పలాట్ కూడా ముందు పెద్ద లీగ్‌కు కింది మెట్టయిన అమెరికన్ హాకీ లీగ్‌లో జాన్ కూపర్ శిక్షణలో ఎదిగి, అదే కూపర్ నాయకత్వంలో 2020, 2021 కప్పులు గెలిచిన జట్టులో నిలిచాడు.

2015లో ఎడ్మంటన్‌కు మొదటి ఎంపికగా దక్కిన కానర్ మెక్‌డేవిడ్ లాంటివాడు దొరికితే ఆ అదృష్టానికి సాటి లేదని ఒప్పుకుంటాను. కానీ అలాంటివారు అరుదు. మిగతావారి విషయంలో నన్ను బాధించేది దశాబ్దాలుగా నడిచిన ఒక ఏర్పాటు: కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి ఎంపికైన కుర్రవాడు సాధారణంగా 20 ఏళ్లు వచ్చేదాకా అమెరికన్ హాకీ లీగ్‌లో పూర్తి సీజన్ ఆడేందుకు వీలుండేది కాదు, అయితే పెద్ద లీగ్, లేకపోతే మళ్లీ జూనియరే. తారలు వెళ్లిపోతే ప్రేక్షకులు తగ్గుతారన్న జూనియర్ క్లబ్బుల భయం అర్థమవుతుంది. అయితే ఆ భయానికి మూల్యం చెల్లించింది జూనియర్‌లో నేర్చుకోవలసింది మిగలని, పెద్ద లీగ్ దెబ్బలకు ఇంకా సిద్ధపడని పంతొమ్మిదేళ్ల ఆటగాడు.

డ్రాఫ్ట్ మర్నాడే జట్లకు మార్కులు వేసే విశ్లేషణల బదులు, అయిదేళ్ల కిందటి డ్రాఫ్ట్‌ను తిరిగి తీసి, ఏ జట్టు ఎవరిని ఎక్కడ ఆడించింది, ఎవరి ఆధ్వర్యంలో నేర్పించింది, ఎవరిని తొందరపెట్టి పోగొట్టుకుందో వివరించే వ్యాసాలు ఏటా ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు