ఆట మారినా మారని జోన్: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు టేబుల్ దగ్గర కూర్చుని స్కోరు రాసేవాళ్లలో నేనొకణ్ణి. మా పిల్లలు ఓడిపోతున్నారని మీకు రాయడం లేదు. ఆటన్నాక ఎవరో ఒకరు ఓడతారు. డిఫెన్స్‌లో ఒకే చోట కన్నం పడి, అందులోంచే పాయింట్లన్నీ పోతుంటే, బెంచ్ మీద నుంచి చివరిదాకా ఒక్క మార్పూ రాకపోవడం చూడలేక రాస్తున్నాను.

గత సీజన్లో జరిగిన ఒక మ్యాచ్ సంగతి చెబుతాను. కాలేజీ పేరు రాయను. పేరు తీసేస్తే ఈ కథ చాలా కాలేజీలకు సరిపోతుంది.

మా ఊరి జట్టు 2-3 జోన్ ఆడింది. అంటే ముందు ఇద్దరు, వెనక బుట్ట దగ్గర ముగ్గురు నిలబడి, మనిషిని కాకుండా తమ తమ చోటును కాస్తారు. ఆ ఎంపికలో తప్పేమీ లేదు. మనకు ఎక్కువగా ఉన్నవి ఆరుబయట సిమెంటు కోర్టులు. సముద్రపు ఉక్కపోతలో మనిషి వెంట మనిషి పరిగెడితే రెండో క్వార్టర్‌కే ఊపిరి అందదు. పన్నెండు మంది ఉండాల్సిన జట్టులో చాలాసార్లు ఏడెనిమిది మందే వస్తారు. అలాంటప్పుడు జోన్ తెలివైన పనే. మొదటి సగమంతా అది బాగా పనిచేసింది కూడా. ఎదుటివాళ్లు లోపలికి దూసుకొచ్చి ముగ్గురి మధ్య ఇరుక్కుని బంతి పోగొట్టుకున్నారు. విరామానికి మనవాళ్లదే ఆధిక్యం.

మూడో క్వార్టర్ మొదలవగానే అవతలి కోచ్ ఒక పొడుగు కుర్రాణ్ణి బుట్టకు ఎదురుగా జోన్ నడిమధ్యలో, ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబెట్టాడు. ఇద్దరు షూటర్లను రెండు కార్నర్లకు పంపాడు. అంతే. బంతి మధ్యలో ఉన్న కుర్రాడికి చేరేది. వెనక ముగ్గురిలో మధ్యన ఉండే మన సెంటర్ వాడి మీదకు వెళ్తే బుట్ట కింద ఖాళీ. పక్కవాడు ఆ ఖాళీ పూడ్చడానికి జరిగితే కార్నర్ ఖాళీ. త్రీ పాయింట్ గీత మిగతా చోట్ల బుట్టకు 6.75 మీటర్ల దూరం, కార్నర్లో మాత్రం 6.60. షూటర్‌కు అన్నిటికంటే దగ్గరి చోటును మనమే వదిలిపెట్టాం. వాళ్లు కొట్టారు, మళ్లీ కొట్టారు. గురి తప్పినప్పుడు కూడా రీబౌండ్, అంటే తిరిగొచ్చిన బంతి, వాళ్లకే దక్కింది. జోన్‌లో ఎవరి మనిషి ఎవరో ముందే తేలి ఉండదు కాబట్టి, షాట్ వేయగానే దగ్గరున్నవాణ్ణి వెతికి బాక్స్ అవుట్ చేయడం, అంటే ఒంటిని అడ్డుపెట్టి బంతి దగ్గరకు రానివ్వకపోవడం, విడిగా నేర్పాలి. ఎవరూ నేర్పలేదు. ఎదుటివాళ్లకు షాట్ వేయడానికి ఉండే 24 సెకన్లూ కాచి కాచి, రీబౌండ్ వదిలేసి, మళ్లీ వేయడానికి మరో 14 సెకన్లు ఇచ్చాం.

ఆటను నడిపించే మన పాయింట్ గార్డ్ నాలుగైదుసార్లు బెంచ్ వైపు చూశాడు. ఏం చేయమంటారు అని చేత్తో అడిగాడు. అక్కణ్ణుంచి వచ్చిన జవాబు ఒకటే: "చేతులు పైకెత్తండిరా!"

ముందున్న ఇద్దరిలో ఒకణ్ణి వెనక్కి దించి ఫ్రీ త్రో లైన్ కుర్రాడికి అంటిపెట్టి ఉంచొచ్చు. కొద్ది నిమిషాలు మ్యాన్ టు మ్యాన్‌కు, అంటే మనిషికి మనిషిని కాసే పద్ధతికి, మారి వాళ్ల లయ చెడగొట్టొచ్చు. ఏదీ కాకపోతే టైమ్ అవుట్ తీసుకుని పిల్లల్ని ఒక్క నిమిషం కూర్చోబెట్టొచ్చు. రెండో సగంలో ప్రతి జట్టుకూ 3 టైమ్ అవుట్లు ఉంటాయి. చివరి రెండు నిమిషాల్లో వాటిలో రెండే వాడుకోవచ్చు. అప్పటిదాకా ఒక్కటీ తీసుకోకపోతే మూడోది పోయినట్టే. వాడని టైమ్ అవుట్ గడిలో స్కోరర్ రెండు అడ్డగీతలు గీయాలి. ఆ గీతలు గీయడం నా పని. ఆ రోజు మనవాళ్లు మొదటి టైమ్ అవుట్ అడిగింది ఆఖరి నిమిషంలో, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మ్యాచ్ అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి మీలో కసి లేదని తిట్టారు. అది అన్యాయం సార్. ఆ పిల్లలు చెప్పింది చెప్పినట్టు ఆడారు. చెప్పినదాన్ని మార్చే మనిషి లేడు.

అలాగని ఫిజికల్ డైరెక్టర్ల మీద నేరం మోపను. ఒక పీడీ గారు కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, క్రికెట్, అథ్లెటిక్స్ అన్నీ చూసుకోవాలి. స్పోర్ట్స్ డే ఏర్పాట్లు, బిల్లులు, అనుమతి పత్రాలు ఆయన నెత్తిమీదే. బాస్కెట్‌బాల్ ఆయన ఆట కాకపోవచ్చు. తెలిసిన ఒక్క జోన్‌ను ఏళ్ల తరబడి నేర్పుతున్నారు. అమ్మాయిల జట్లకైతే ప్రాక్టీస్‌కు కోర్టు దొరకడమే కష్టం, ఇక వ్యూహం సంగతి ఎవరు మాట్లాడతారు?

ఈ మాట అంటే కొందరు అమెరికాలోని సిరక్యూస్ యూనివర్సిటీని చూపిస్తారు. నిజమే, కోచ్ జిమ్ బోహైమ్ ఆ జట్టుతో 2-3 జోన్ ఆడించే 2003లో జాతీయ టైటిల్ గెలిచారు. కానీ కాన్సస్‌తో ఆ ఫైనల్ ఎలా ముగిసిందో చూడాలి. ఆఖరి క్షణాల్లో కాన్సస్ ఆటగాడు మైఖేల్ లీ కార్నర్ నుంచి త్రీ పాయింటర్ వేయబోతే, సిరక్యూస్ ఆటగాడు హకీమ్ వారిక్ అక్కడిదాకా దూకి దాన్ని అడ్డుకున్నాడు. సిరక్యూస్ 81-78తో గెలిచింది. జోన్‌లో కార్నర్‌కు ఎవరు, ఎప్పుడు వెళ్లాలో వాళ్లు రోజూ సాధన చేశారు. మనం జోన్ పేరు తెచ్చుకున్నాం, ఆ సాధన తెచ్చుకోలేదు.

ఈ పిల్లలకు ఇది కాలక్షేపం కాదని మీకు తెలుసు. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది మీ ప్రభుత్వమే. శ్రీకాకుళం, విజయనగరం, అరకు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ ఆడే పిల్లలకు యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే జీవితంలో ఒక దారి తెరుచుకుంటుంది. ఆ చోటు ఇలాంటి మ్యాచ్‌ల్లోనే తేలుతుంది.

అందుకే అడుగుతున్నాను. ప్రతి కాలేజీకీ ఒక కోచ్‌ను వేయమనడం లేదు, అది ఇప్పట్లో జరిగే పని కాదు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో బాస్కెట్‌బాల్ కోచింగ్ చదివినవాళ్లను నియమించి, ఒక్కొక్కరికి కొన్ని కాలేజీలు అప్పగించండి. మ్యాచ్ రోజు వాళ్లు బెంచ్ మీద కూర్చోవాలి. పీడీల కోసం ఏటా సీజన్‌కు ముందు శిక్షణ పెట్టండి. జోన్ నుంచి మ్యాన్‌కు ఎప్పుడు మారాలి, టైమ్ అవుట్ ఎప్పుడు అడగాలి అన్నవి కోర్టు మీద ఆడించి చూపించాలి. మ్యాచ్‌ను ఫోన్లో తీసి మర్నాడు పిల్లలకు చూపించడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు, దాన్ని తప్పనిసరి చేయండి.

మొదటి శిక్షణ విశాఖలో, అంతర్ కళాశాలల పోటీల షెడ్యూలు రాకముందే జరిపించండి. దానికి పాత స్కోరు షీట్లు కావాలంటే తీసిపెట్టే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక బాస్కెట్‌బాల్ స్కోరర్,
విశాఖపట్నం