డ్రైవ్‌షాఫ్ట్‌తో పాటు సీలు ఎందుకు ఇస్తున్నాం: మా ఖాతాదారులకు ఒక వివరణ

విజయవాడ ఆటోనగర్‌లోని మా విడిభాగాల దుకాణానికి వచ్చే ఖాతాదారులకు నమస్కారం. కారును ఇంటి దగ్గరే విప్పి బాగుచేసుకునేవారు ఈమధ్య మెకానిక్కులతో పాటే మా కౌంటరుకు వస్తున్నారు. వారిలో కొందరు, డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తిని చేర్చే ఇరుసు) అడిగితే సీలు (నూనె కారకుండా ఆపే రింగు), హబ్ నట్టు (షాఫ్టును చక్రం మధ్యభాగానికి బిగించే నట్టు) కూడా అంటగడుతున్నామని నిష్ఠూరమాడుతున్నారు. అవి అమ్మితే మాకు నాలుగు డబ్బులు మిగులుతాయన్న మాట నిజమే. అయితే ఏది తప్పక మార్చాలో, దేన్ని ముట్టుకోకుండా వదిలేయాలో కూడా మేమే చెప్పాలి కనుక ఈ వివరణ రాస్తున్నాం.

ముందు చక్రాలు లాగే కార్లలో డ్రైవ్‌షాఫ్ట్‌ను గేర్‌బాక్స్ నుంచి బయటికి లాగేటప్పుడు, దాని చివరనున్న పళ్లు సీలు పెదవిని, అంటే షాఫ్టును తాకే లోపలి అంచును, రాసుకుంటూ వస్తాయి. ఏళ్ల తరబడి వేడి నూనెలో ఉండి గట్టిపడిన ఆ రబ్బరు పెదవి పాత షాఫ్టు అరుగుదలకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి, పైకి బాగానే కనిపించినా కొత్త షాఫ్టుతో సరిగా అతకకపోవచ్చు. సీలు ఖరీదు చాలా కార్లకు కొన్ని వందల రూపాయలు దాటదు. అది కారితే మాత్రం చక్రం, హబ్ నట్టు, బాల్‌జాయింట్ అన్నీ మళ్లీ విప్పి, పోసిన గేర్ ఆయిల్‌ను మళ్లీ దించాలి. అందుకే షాఫ్టు బయటికి వచ్చిందంటే సీలు మార్చవలసిందేనని మా అభిప్రాయం.

హబ్ నట్టు విషయంలో ఇంకా పట్టుదలగా ఉంటాం. చాలా కార్లలో ఆ నట్టు అంచును షాఫ్టు మీది గాడిలోకి కొట్టి వంచుతారు; ఒకసారి వంగిన అంచును తిరిగి వంచితే చిట్లుతుంది, లేదా గాడికి ఎదురుగా రాదు. నైలాన్ రింగు ఉన్న నట్టు విప్పి బిగించినకొద్దీ పట్టు కోల్పోతుంది. స్ప్లిట్ పిన్ (నట్టు వదులవకుండా దూర్చే పిన్ను), షాఫ్టు లోపలి చివర సర్‌క్లిప్ (షాఫ్టు జారకుండా పట్టే రింగు), నూనె దించే డ్రెయిన్ ప్లగ్గు కింది వాషరు కూడా అంతే, వాటిని దాచుకోవడంలో అర్థం లేదు.

బోల్టులన్నింటికీ ఈ మాట వర్తించదు. మరలు చెడని, తుప్పు పట్టని మామూలు బోల్టును శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. మీ కారు మాన్యువల్‌లో టార్క్ అంకెతో (ఎంత బలంగా బిగించాలో చెప్పే అంకె) పాటు ఇన్ని డిగ్రీలు అదనంగా తిప్పాలని ఉంటే మాత్రం అనుమానించాలి. అలా బిగించే ఫ్లైవీల్ (ఇంజిన్ వెనుక తిరిగే బరువైన చక్రం) బోల్టుల వంటివి చాలా కార్లలో సాగేలా తయారైనవి, ఒక్కసారి వాడకానికే పనికివస్తాయి. తల మీద 10.9 అని ఉన్న బోల్టు చదరపు మిల్లీమీటరుకు సుమారు 1,000 న్యూటన్ల లాగుడును తట్టుకుంటుంది, 8.8 రకానికి ఆ అంకె 800 దగ్గరే ఆగుతుంది. కొత్తది కదా అని హార్డ్‌వేర్ దుకాణంలో 8.8 తెచ్చి బిగించడం కంటే, ఒక్కసారి వాడే రకం కాని పాత 10.9 బోల్టు బాగుంటే దాన్నే ఉంచుకోవడం మేలు.

క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనుక సీలు గురించి అడుగుతారు. అక్కడ తడి కనిపిస్తే మార్చండి. పూర్తిగా పొడిగా ఉంటే, చేయి తిరగనివారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని చెబుతున్నాం. మెకానిక్కుల్లో చాలామంది ఇందుకు ఒప్పుకోరని తెలుసు. కానీ కొంచెం వంకరగా కూర్చున్న కొత్త సీలు, పొడిగా ఉన్న పాత సీలు కంటే ముందే కారుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో వాడే టెఫ్లాన్ సీలుకు గ్రీజు, నూనె రాయకూడదు. అలవాటు కొద్దీ రాసేవారే ఎక్కువ.

కారు కింద తడి కనిపించిన వెంటనే సీలు కొనడానికి రాకండి. ముందు గుడ్డతో శుభ్రంగా తుడిచి, కొన్ని రోజులు నడిపి, చుక్క ఎక్కడి నుంచి మొదలవుతోందో చూడండి. గేర్‌బాక్స్ మీది గాలి గొట్టం మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడి నూనెను సీలు దాటించి బయటికి నెడుతుంది, అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా ప్రయోజనం ఉండదు. ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు వెళ్లే బండ్లలో డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యనున్న గేర్ల పెట్టె) పినియన్ సీలు ఇంట్లో వేసుకుంటామంటే మేమే వద్దంటాం, ఎందుకంటే చాలా వాటిలో ఆ సీలు కోసం విప్పే పినియన్ నట్టు బిగింపుకు నలిగే స్పేసరు (మధ్యలో ఉంచే గొట్టం) ఉంటుంది, బిగింపు కాస్త ఎక్కువైనా బేరింగు పాడవుతుంది.

ఇకపై బిల్లు మీద తప్పనిసరి వస్తువులను ఒకచోట, విప్పి చూశాక తేల్చుకోవలసినవి వేరుగా రాసి ఇస్తాం. రెండో రకంలోని సీలును దాని కవరు తెరవకుండా బిల్లుతో తెస్తే డబ్బు వాపసు ఇస్తాం, బిగించి తీసినది తీసుకోము. వచ్చేటప్పుడు కారు ఛాసిస్ నంబరు, పాత సీలు మీద 35×54×8 తరహాలో ముద్రించిన కొలతలు రాసుకుని రండి. మోడల్ పేరు ఒక్కటే చెబితే సరైన సీలు ఇవ్వడం కుదరదు.