ఆల్కహాలిక్ పొటాష్‌తో బ్రోమోఈథేన్ ఇచ్చేది ప్రధానంగా ఈథరే

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో హాలోఆల్కేన్‌లపై (బ్రోమిన్, క్లోరిన్ వంటి హాలోజన్ ఉన్న కర్బన సమ్మేళనాలపై) వచ్చిన వ్యాసం, బ్రోమోఈథేన్‌ను ఆల్కహాలిక్ పొటాష్‌తో, అంటే ఇథనాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో, వేడి చేస్తే ఇథిలీన్ వస్తుందని ఒక్క వాక్యంలో తేల్చేసింది. చాలా పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే అయినా, ఫ్లాస్కులో జరిగేది వేరు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

పొటాషియం హైడ్రాక్సైడ్‌ను ఇథనాల్‌లో కరిగిస్తే ఇథాక్సైడ్ అయాన్లు కూడా ఏర్పడతాయి. బ్రోమోఈథేన్‌లో బ్రోమిన్‌ను మోస్తున్న కార్బన్‌కు ఒక మిథైల్ సమూహం, రెండు హైడ్రోజన్లు మాత్రమే ఉంటాయి కాబట్టి, బ్రోమిన్‌కు వెనుక వైపు నుంచి వచ్చే అయాన్‌కు పెద్ద అడ్డంకి ఉండదు. అందుకే ఇథనాల్‌లో సోడియం ఇథాక్సైడ్‌తో 55 డిగ్రీల సెల్సియస్ వద్ద చర్య జరిపినప్పుడు సుమారు 99 శాతం ప్రతిక్షేపణ (బ్రోమిన్ స్థానంలో ఇథాక్సైడ్ చేరడం) జరిగి డైఇథైల్ ఈథర్ వస్తుంది. విలోపన చర్యతో (అణువు నుంచి హైడ్రోజన్, బ్రోమిన్ తొలగిపోవడంతో) వచ్చే ఇథిలీన్ వాటా 1 శాతం దగ్గరే ఆగుతుంది. నిజానికి ఇది 1850లో రసాయన శాస్త్రవేత్త విలియమ్సన్ చూపిన ఈథర్ తయారీ పద్ధతే. ఈథర్ అని సరిగా రాసిన విద్యార్థి మార్కులు పోగొట్టుకోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ప్రతిక్షేపణకు ఇంత సులభంగా లొంగడం వల్లే ఈ ద్రవం కర్బన సంశ్లేషణలో ఇథైల్ సమూహాన్ని అందించే నమ్మకమైన వనరు అయింది. సయనైడ్‌తో ప్రొపేన్‌నైట్రైల్‌ను, దాన్ని జలవిశ్లేషణ చేస్తే ప్రొపనోయిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. అంటే కర్బన శృంఖలం ఒక కార్బన్ మేర పెరుగుతుంది. అమోనియాతో మాత్రం చర్య ఇథైల్ అమీన్ దగ్గర ఆగదు; అదే ప్రధానంగా రావాలంటే అమోనియాను బాగా ఎక్కువగా తీసుకోవాలి. పొడి ఈథర్‌లో మెగ్నీషియంతో కలిస్తే ఇథైల్ మెగ్నీషియం బ్రోమైడ్ తయారవుతుంది. 1900లో ఇలాంటి కారకాలను వెలుగులోకి తెచ్చిన విక్టర్ గ్రిన్యార్‌కు 1912లో నోబెల్ బహుమతి లభించింది. ఇక్కడ తేమ తగిలితే కారకం ఈథేన్‌గా మారి వృథా అవుతుంది.

ఇథైల్ సమూహాన్ని అందించగల మిగతా రెండింటితో పోల్చి చూద్దాం. క్లోరోఈథేన్ 12 డిగ్రీలకే మరిగే వాయువు, పైగా చర్యల్లో మందకొడి. అయోడోఈథేన్ చురుకైనదే గాని వెలుతురుకు విఘటనం చెందుతుంది. బ్రోమోఈథేన్ 38 డిగ్రీల వద్ద మరుగుతుంది, నీటికంటే బరువైనది కాబట్టి వేర్పాటు గరాటులో కింది పొరగా నిలుస్తుంది. దాని ఆవిరి హానికరం; ఫ్లాస్కులోని అణువులకు ఇథైల్ సమూహాన్ని తగిలించే గుణమే శరీరంలోని అణువులపైనా పనిచేయగలదు కనుక ఫ్యూమ్ హుడ్‌లోనే వాడాలి.

విలోపన చర్యకు ఉదాహరణ కావాలంటే, వెనుక వైపు అడ్డంకి ఎక్కువగా ఉండే 2-బ్రోమో-2-మిథైల్ ప్రొపేన్‌ను తీసుకోవాలని, ఇథిలీన్‌ను ప్రయోగశాలలో ఇథనాల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సుమారు 170 డిగ్రీల వద్ద నిర్జలీకరించి తయారుచేస్తారని తెలుపుతూ సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు