అక్క తిన్న ఇడ్లీ కడుపులో ఎంతసేపు ఉంటోంది? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది చిత్తూరు. మా అక్కకు 20 ఏళ్లుగా షుగర్. ఒకరోజు పొద్దున 8 గంటలకు రెండు ఇడ్లీలు తిని, సాయంత్రం ఐదున్నరకు కక్కుకుంది. బక్కెట్లో ఇడ్లీ ముక్కలు, చట్నీలోని కరివేపాకు అట్లాగే ఉన్నాయి. వేసుకున్న ఇన్సులిన్ మాత్రం టైముకి పనిచేసింది. తిన్నది ఒంటికి పట్టక షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మాట తడబడింది.

దీన్ని గ్యాస్ట్రోపెరాసిస్ అంటారని తెలియడానికి మాకు మూడేళ్లు పట్టింది. అప్పటిదాకా ఒకరు గ్యాస్ ట్రబుల్ అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు. ఎండోస్కోపీ నార్మల్. మా పిన్ని దిష్టి తీసింది, పాపం ఆమె ఒక్కతే డబ్బులు అడగలేదు. పాత షుగర్ వల్ల కడుపును కదిలించే నరాలు దెబ్బతింటే తిన్నది కిందికి దిగదు. దారిలో అడ్డేమీ ఉండదు కాబట్టి ఎండోస్కోపీకి ఈ జబ్బు చిక్కదు.

చిక్కేది 4 గంటల స్కాన్‌కి. కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కలిపిన తిండి పెట్టి ఫోటోలు తీస్తారు. నాలుగో గంటకు 10 శాతం కన్నా ఎక్కువ మిగిలితే కడుపు మందగించినట్టు. అమెరికాలో గుడ్డు తెల్లసొన, బ్రెడ్డు పెడతారు, మన దేశంలో ఇడ్లీతోనూ చేశారు. ఇడ్లీకి మనకేం కరువు సార్?

అక్క సంగటి, చెనిక్కాయల చట్నీ మానేసి వడగట్టిన జావ మీద బతుకుతోంది. కడుపును కదిలించే మెటోక్లోప్రమైడ్ మందు వాడితే మూతి దానంతటదే కదలడం మొదలైంది, ఆపేశాం. ఇట్లా మందులు పడనివాళ్లకు, పనిచేయనివాళ్లకు కడుపు పేస్‌మేకర్ ఒకటుంది. పొట్ట చర్మం కింద చిన్న బ్యాటరీ పెట్టె, కడుపు గోడ కండరంలోకి రెండు తీగలు. అమెరికాలో 2000లో మానవతా మినహాయింపు కింద, అంటే తక్కువ మందికి పనికొచ్చే పరికరానికి లాభం పూర్తిగా రుజువు కాకపోయినా ఇచ్చే వెసులుబాటు కింద, అనుమతించారు. అది కడుపును పరుగులు పెట్టించదు, కొందరికి వాంతులు తగ్గిస్తుంది, అంతే. పరిశోధనల ఫలితాలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. అందుకే అందరికీ పెట్టించమని అడగడం లేదు.

ముందు ఆ స్కాన్ సంగతి చూడండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఇలాంటి స్కాన్లు తీసే న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. పాత షుగర్ రోగి వాంతులతో వస్తే ఈ పరీక్షకు రాసి పంపాలని చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రభుత్వ డాక్టర్లకు ఉత్తర్వు ఇవ్వండి. పేస్‌మేకర్ ఎన్టీఆర్ వైద్య సేవలో వర్తిస్తుందో లేదో తెలుగులో స్పష్టంగా ప్రకటించండి. వర్తించకపోతే, అన్ని మందులూ వాడి చూసినవాళ్ల కేసులు ఒక్కొక్కటిగా చూడటానికి నిపుణుల కమిటీ వేయండి. ఇంకొకటి, ఆ బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతుంది, మార్చాలంటే మళ్లీ ఆపరేషన్. ఆ ఖర్చు కూడా మొదటి మంజూరులోనే రాయించండి. కక్కుకుంటున్న మనిషిని రెండోసారి కాగితాల కోసం బస్సెక్కించలేం.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు, చిత్తూరు